మైకు మల్లికార్జున రక్తం గడ్డకట్టిన రోజు

2022 వేసవి. కర్నూలులో నేను పనిచేసే ఆసుపత్రిలో ల్యాబ్ కింది అంతస్తులో, ఓపీ వరండా చివర ఉంటుంది. ఎండకు వరండా గచ్చు కాలిపోతుంటే పేషెంట్లంతా నీడను బట్టి జరుగుతూ కూర్చునేవాళ్ళు. నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాది కడప జిల్లా, పెళ్ళయ్యాక కర్నూలు వచ్చాను. షుగరు, హిమోగ్లోబిన్ చూసేవాళ్ళు వేరే ఉన్నారు. నాది కోయాగ్యులేషన్ బెంచి. అంటే మనిషి రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూసే చోటు. నీ ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే, రక్తం పెరుగులా తోడుకుంటుందో లేదో చూడటం అంటాను. అంతకన్నా సులువుగా చెప్పడం నాకు చేతకాదు.

పరీక్ష పేరు ఏపీటీటీ. నీలం మూత ట్యూబులోకి తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ అనే గిరగిర తిరిగే యంత్రంలో పెడితే, పైన పసుపు రంగు ప్లాస్మా తేరుకుంటుంది. దాంట్లో మందు, కాల్షియం కలిపి ఇంకో యంత్రానికి అప్పగిస్తే అది గడ్డకట్టే సమయం చెబుతుంది. మామూలు మనిషికి అర నిమిషం అటూ ఇటూ. హీమోఫీలియా ఉన్నవాళ్ళకు నిమిషం దాటుతుంది, ఇంకా దాటుతుంది, యంత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది. వాళ్ళ రక్తంలో ఫ్యాక్టర్ ఎయిట్ అనే ప్రోటీన్ తయారు కాదు. దాన్ని తయారుచేయించే జన్యువులో లోపం. అది తల్లి నుంచి వస్తుంది, ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. వేలు తెగితే ధారగా కారిపోతారని జనం అనుకుంటారు గానీ, అసలు బాధ లోపలిది. కొంచెం ఎక్కువ నడిస్తే మోకాల్లో రక్తం చేరి కుండలా వాస్తుంది. ఆ నొప్పికి మగవాళ్ళు ఏడవడం నేను చాలాసార్లు చూశాను.

మల్లికార్జున ఏడ్చేవాడు కాదు. మాట్లాడేవాడు.

ఆస్పరి దగ్గర ఒక పల్లె వాళ్ళది. అప్పటికి ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. సన్నటి మనిషి, ఎడమ మోకాలు పూర్తిగా చాపలేడు, కొంచెం కుంటుతాడు. గొంతు మాత్రం గుడి గంట. ఆ చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పోటీలు జరిగినా మైకు అతనిదే. ఎడ్ల జతలు పెద్ద బండరాయిని ఈడ్చుకుంటూ పోతుంటే, గట్టు మీద కూర్చుని ఒక్కో అడుగూ జనానికి కళ్ళకు కట్టినట్టు చెప్పడం అతని పని. చిన్నప్పుడు తోటివాళ్ళతో ఆడుకోనివ్వలేదు కాబట్టి వాళ్ళమ్మ పోటీల దగ్గర మైకువాళ్ళ పక్కన కూర్చోబెట్టేదట. ఒక ఏడాది చెప్పేవాడి గొంతు పోయి, మైకు ఇతని చేతికి వచ్చింది. మళ్ళీ తిరిగి ఇవ్వలేదు. ఊళ్ళో అందరూ మైకు మల్లికార్జున అనే పిలుస్తారు.

ఫ్యాక్టర్ ఇంజెక్షన్ కోసం వచ్చినప్పుడల్లా నా కిటికీ దగ్గర ఆగి, తన రక్తాన్ని ఎద్దుల జతను చేసి అడిగేవాడు.

"ఏమి మేడం, మా ఎద్దులు కదిలినాయా, అట్లే నిలబడుకోనుండాయా?"

"నిలబడే ఉన్నాయి మల్లికార్జునా."

"నిలబడనీలే. పడుకోలేదు, అంతవరకు మేలు."

వరండాలో కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అతని వెనకాల వాళ్ళమ్మ ఈరమ్మ నవ్వేది కాదు. ఆమె చూపు ఎప్పుడూ కొడుకు కాళ్ళ మీదే ఉండేది. ఎదురుగా స్ట్రెచర్ వస్తే తను అడ్డం నిలబడేది. ఇంట్లో మంచం కోళ్ళకు గుడ్డలు చుట్టిందనీ, గడప పక్కన మూలరాయి కోసుగా ఉందని మేస్త్రీని పిలిపించి గుండ్రంగా చెక్కించిందనీ మల్లికార్జున చెప్పేవాడు. తండ్రి పోయి చాలా ఏళ్ళు. కూలికి పోతూ ఆమె ఒక్కతే పెంచింది.

ఆ వేసవిలో మా హెమటాలజీ డాక్టర్ గారు, అంటే రక్తజబ్బులు చూసే ఆయన, తల్లీకొడుకులను కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పారు. నేను రిపోర్టులు తీసుకుని వెళ్ళి అక్కడే ఉండిపోయాను. పక్క రాష్ట్రంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో హీమోఫీలియాకు జీన్ థెరపీ ట్రయల్ జరుగుతోందట. ట్రయల్ అంటే, ఇంకా అందరికీ అందుబాటులోకి రాని చికిత్సను ఒప్పుకున్న కొద్దిమందికి ఇచ్చి, మేలెంత, కీడెంత అని చూడటం.

"మన ఎముకల్లోని మూలుగలో స్టెమ్ సెల్స్ అని ఉంటాయి," అన్నారు డాక్టర్ గారు. "రక్తానికి అవి నారుమడి. నీ నారు కొంత బయటికి తీస్తారు. హాని చేయకుండా మార్చిన ఒక వైరస్ తొడుగులో సరైన జన్యువును పెట్టి, ల్యాబ్‌లో ఆ నారుకు ఎక్కిస్తారు. మళ్ళీ నీలోనే నాటుతారు. అది నాటుకుంటే, ఫ్యాక్టర్‌ను నీ ఒళ్ళే తయారు చేసుకుంటుంది."

"పేపర్లలో జీన్ ఎడిటింగ్ అని రాస్తాండారే సార్, అదేనా ఇది?"

"దీనికి అది దాయాది అనుకో. ఎడిటింగ్ అంటే జన్యువులోనే కావలసిన చోట కత్తిరించి మార్చడం. సికిల్ సెల్ లాంటి రక్తజబ్బులకు ఆ పద్ధతిని పరీక్షిస్తున్నారు. నీకు చేసేది వేరు. తప్పును ఉన్నచోటే వదిలేసి, ఒప్పును పక్కన చేర్చడం."

తర్వాత కష్టాలు కూడా దాచకుండా చెప్పారు. కొత్త నారుకు చోటు కావాలంటే పాతది పీకాలి, దానికి కీమో మందు ఇస్తారు. జుట్టు ఊడుతుంది. కొన్ని వారాలు చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి రావచ్చు. తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. ఇంతా చేసి చికిత్స పనిచేయకపోవచ్చు. పనిచేసినా ఎన్నేళ్ళు నిలుస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

మల్లికార్జున అందుకున్నాడు. "పాత జతను ఇప్పేసి కొత్త జతను కట్టేదాకా బండను ఎవరు లాగాల సార్?"

"అక్కడే భయం. ఆ కొన్ని వారాలు డాక్టర్లు, నర్సులు లాగాలి."

అప్పటిదాకా నోరు విప్పని ఈరమ్మ లేచి నిలబడింది. "మాకొద్దు సామీ," అని కొడుకు చెయ్యి పట్టుకుంది.

అయినా పరీక్షలు మొదలుపెడదామని మల్లికార్జున పట్టుబట్టాడు. మొదటి పరీక్ష నా బెంచి మీదే. బయటి నుంచి ఏళ్ళ తరబడి ఫ్యాక్టర్ ఎక్కించుకున్నవాళ్ళలో కొందరి ఒళ్ళు దాన్ని శత్రువు అనుకుని విరుగుడు తయారు చేసుకుంటుంది. దాన్ని ఇన్హిబిటర్ అంటాం. అది ఉంటే ఈ ట్రయల్‌కు పనికిరాడు. పేషెంటు ప్లాస్మాలో సగానికి సగం మంచి ప్లాస్మా కలిపి, ఒంటి వేడిలో రెండు గంటలు ఉంచి, మళ్ళీ సమయం చూడాలి. మంచిదాన్ని కూడా చెడగొట్టిందంటే ఇన్హిబిటర్ ఉన్నట్టు.

ఆ రెండు గంటలూ నేను వేరే శాంపిళ్ళు చేసుకుంటూనే ఉన్నాను, కానీ చెవి బయటే ఉంది. వరండాలో మల్లికార్జున ఎవరి పిల్లాడికో కథ చెబుతున్నాడు. "అదో, లేపాక్షి బసవన్న లాంటి ఎద్దు. తోక ఎత్తింది. ఎత్తిన తోక దించలేదు." పిల్లాడు పడి పడి నవ్వుతున్నాడు.

యంత్రం అంకె చూపించింది. బాగుంది. నమ్మకం కోసం మళ్ళీ చేశాను. రెండోసారీ అదే. మామూలుగా నేను రిపోర్టు కిటికీలోంచి ఇస్తాను. ఆ రోజు తలుపు తీసుకుని బయటికి వెళ్ళాను.

"నీ రక్తంలో విరుగుడు లేదు మల్లికార్జునా."

అతను మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం అదే మొదటిసారి చూశాను. ఈరమ్మ నా మొహం చూసి, కొడుకు మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఆమె కొడుకు లేకుండా నా దగ్గరికి వచ్చింది. ఆస్పరి నుంచి బస్సులో వచ్చిందట. వెంట ఒక అమ్మాయి ఉంది. చామనఛాయ, నూనె పెట్టి గట్టిగా అల్లిన జడ, చేతిలో అంగన్‌వాడీ సంచి. పేరు సువర్ణ. పక్క ఊరి అంగన్‌వాడీలో టీచరు. మల్లికార్జునను పెళ్ళి చేసుకుంటానని ఇంట్లో చెప్పి, ఇంకా ఒప్పించలేక, ఆ గొడవలోనే ఉంది. అతన్ని చూడకముందే గొంతు విని ఇష్టపడ్డానని ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది.

మధ్యాహ్నం భోజనం వేళ ముగ్గురం వరండాలో కూర్చున్నాం.

"మేడమ్మా, నా తమ్ముడు ఈరన్న అని ఉండె," అంది ఈరమ్మ. "పన్ను పీకించుకున్యాడు. రెండు దినాలు నెత్తురు నిలవలే. అప్పుడు ఈ జబ్బు పేరు మాకెవురికీ తెలీదు. మల్లిగాడు పుట్టి, అంబాడేటప్పుడు మోకాళ్ళు వాస్తే నాకి అర్తమాయ. మా అత్త అనె, నీ పుట్టింటి నెత్తురే పాపిష్టిది అని. ఆయమ్మ పోయినా ఆ మాట పోలేదు."

"అది పాపం కాదు ఈరమ్మక్కా. నీ కంటి రంగు నీ చేతిలో ఉందా? ఇదీ అంతే."

"అది డాక్టరు సారూ చెప్పినాడు. నాకి వినపడ్తాది, లోపలికి పోదు." ఆమె నాకు దగ్గరగా జరిగింది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆ మందు పెడితే వాని పిల్లలకి ఈ జబ్బు రాదా?"

నాకు తెలిసినంత చెప్పాను. మార్పు రక్తం తయారయ్యే చోటే జరుగుతుంది, సంతానానికి పోయే దాంట్లో జరగదు. మల్లికార్జునకు కొడుకు పుడితే ఆ కొడుక్కి తండ్రి నుంచి ఈ జబ్బు రాదు, మందు పెట్టినా పెట్టకపోయినా. కూతురు పుడితే ఆ లోపాన్ని మోస్తుంది, మందు పెట్టినా పెట్టకపోయినా.

ఈరమ్మ ఇందులో తనకు తెలిసిన దారి పట్టుకుంది. "అంటే చేను బాగుపడ్తాది, ఇత్తనం అదే ఉంటాది."

"అంతే."

"ఆ కీమో అంటారే, దాంట్లో ఇత్తనమే ఎండిపోతే?"

ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గయింది. ముందే కొంత తీసి చల్లటి చోట దాచిపెట్టే పద్ధతి ఉందని, డాక్టర్లే ఆ ఏర్పాటు చేస్తారని చెప్పాను. ఈరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఇత్తనం గాదె కట్టి పెట్టుకున్నట్ల," అంది. సువర్ణ అటు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. కాసేపటికి ముగ్గురమూ నవ్వాం. ఈరమ్మ నవ్వగా చూడటం నాకు అదే తొలిసారి.

నవ్వు తగ్గాక సువర్ణ అంది. "అత్తా, ఆడపిల్ల పుడితే పుట్టనీ. నీకు ఎవురూ చెప్పలేదు, నువ్వు అన్నీ పడినావు. నా కూతురికి నేను చెప్పుకుంటా. దానికి తెలిసే లోకంలోకి వస్తాది గదా."

అప్పటికి పెళ్ళి కాలేదు, అత్తా అని పిలిచేసింది. ఈరమ్మ ఆ పిలుపు విన్నదో లేదో తెలియలేదు. తర్వాత నన్ను అడిగింది. "వాడు నీ తమ్ముడైతే పంపిస్తావా మేడమ్మా?"

ఇలాంటి ప్రశ్నకు మా ఉద్యోగంలో జవాబు చెప్పకూడదు. డాక్టర్‌ను అడగండి అనాలి. కానీ ఆమె అంత దూరం నుంచి వచ్చింది డాక్టర్ మాట కోసం కాదు.

"నాకు శానా భయమేస్తుందక్కా," అన్నాను. నాకు తెలియకుండానే ఇంటి మాట వచ్చేసింది. "భయపడతానే గానీ, వద్దని మాత్రం అనను. ఒళ్ళు వాడిది."

ఆమె లేచి చీర దులుపుకుంది. "సరే. వాని ఎంట నేనే పోతా. ఆడ వానికి సంగటి ఎవురు చేసిపెడ్తారు?"

అలా, కర్నూలు దాటి ఎక్కడికీ వెళ్ళని ఈరమ్మ, భాష తెలియని ఊరికి రైలెక్కింది.

అక్కడి సంగతులు నాకు ఫోన్లోనే తెలిసేవి. స్టెమ్ సెల్స్ తీసేటప్పుడు రక్తం ఒక చేతిలోంచి బయటికి, యంత్రం గుండా, ఇంకో చేతిలోకి తిరుగుతుంది. గంటల పని. అక్కడి సిస్టర్లకు తెలుగు రాకపోయినా మల్లికార్జున మొత్తం పోటీలా చెబుతూనే ఉన్నాడట. చివర్లో వాళ్ళు చప్పట్లు కొట్టారట. ఈరమ్మ, పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళు వండుకునే గది పక్కన ఉంటున్న ఒక తమిళ ముసలామెతో స్నేహం కట్టింది. ఎవరి భాష వాళ్ళదే. ఈమె జొన్నరొట్టె తట్టడం నేర్పిస్తే, ఆమె సాంబారు నేర్పిందట. మేం ఫోన్ చేసినప్పుడల్లా ఈరమ్మ ముందు రొట్టెల సంగతి చెప్పి, తర్వాత కొడుకు సంగతి చెప్పేది.

తర్వాత కీమో ఇచ్చారు. సిద్ధం చేసిన కణాలను ఎక్కించారు. ఆ రోజు ఏదో గొప్పగా జరుగుతుందనుకున్నాడట మల్లికార్జున. చూస్తే చిన్న సంచిలోంచి మామూలు సెలైన్ లాగే ఎక్కింది, కాసేపట్లో అయిపోయింది. "ఇంతేనా మేడం," అని ఫోన్లో కొంచెం నిరాశపడ్డాడు.

అసలు కష్టం తర్వాతి వారంలో మొదలైంది. కీమో వల్ల నోరంతా పుండ్లు పడి మాట పెగల్లేదు. జ్వరం వచ్చింది. తెల్లకణాలు దాదాపు లేవు. అతన్ని అద్దాల గదిలో ఉంచారు, ఈరమ్మ మాస్కు కట్టుకుని పక్కన. ఆమె ఫోన్ చేసి ఒక్కటే మాట అంది. "వాడు మాట్లాడ్తలేడు మేడమ్మా." జ్వరం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు సువర్ణ ఒక పని చేసింది. పొద్దున్నే అక్కడి సిస్టర్ చెప్పిన తెల్లకణాల అంకెను ఈరమ్మ ఫోన్లో చెప్పేది. సువర్ణ అంగన్‌వాడీ తెరవకముందే ఫోన్ చేసి, స్పీకరు పెట్టించి, ఆ అంకె మీద బండలాగుడు చెప్పేది. ఒకరోజు నేనూ ఆ కాల్‌లో ఉన్నాను. టీచరు గొంతు, పిల్లలకు పాటలు చెప్పే గొంతు. "తెల్లెద్దుల జత వస్తాండాది. శానా సన్నగుండాయి. నిన్న కదల్లేదు. ఈ పొద్దు ఒక కాలు ముందుకేసినాయి. జనాలు ఊపిరి బిగబట్టుకోనుండారు. ఒరే మల్లికార్జునా, మైకు నా దగ్గరుండాది, కావల్నంటే లేసొచ్చి తీసుకో."

అవతలి నుంచి మాట రాలేదు. నోటితో కాక ముక్కుతో నవ్విన చప్పుడు వచ్చింది. ఈరమ్మ "నవ్వినాడు" అని మాకు చెప్పింది, మాకు వినపడనట్టు.

ఆ జత నెమ్మదిగా కదిలింది. జ్వరం తగ్గింది. కొత్త నారు నాటుకుంది.

అతను ఇంటికి వచ్చేసరికి నున్నటి గుండు. ఊళ్ళో ప్రతివాళ్ళూ తిరుపతికి పోయొచ్చినావా అని అడిగేవాళ్ళట. రోజూ అంతమందికి జీన్ థెరపీ అంటే ఏమిటో చెప్పలేక, "ఊ, దర్శనం బాగా అయింది" అనేసేవాడు. కొందరు ప్రసాదం అడిగారు. దానికి మాత్రం ఇబ్బంది పడ్డాడు.

కొన్ని నెలల తర్వాత, మామూలు తనిఖీ కోసం శాంపిల్ నా బెంచికి వచ్చింది. ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఆపేసి చాలా రోజులైంది, బయటి ఫ్యాక్టర్ ఒంట్లో మిగిలే అవకాశం లేదు. ప్లాస్మా తీసి యంత్రంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా అతని ట్యూబు పెట్టాక వేరే పని చూసుకోవడం నాకు అలవాటు, ఎందుకంటే అది త్వరగా తేలేది కాదు. ఆ రోజు లేవబోతుంటే యంత్రం కూసింది. శాంపిళ్ళు తారుమారయ్యాయేమో అనుకున్నాను. లేబుల్ చూశాను. అతన్ని పిలిచి మళ్ళీ రక్తం తీశాను, మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే త్వరగా కూసింది. మీకూ నాకూ ఉన్నంత బాగా లేదు, మామూలు కన్నా కొంచెం వెనక. కానీ గడ్డకట్టింది. ఫ్యాక్టర్ ఎయిట్ పరీక్ష కూడా చేశాను. అంతకుముందు అసలు లేనిచోట ఇప్పుడు ఉంది. బయటి నుంచి తెచ్చింది కాదు, అతని ఒంట్లో పుట్టింది.

డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన రెండుసార్లు అంకె అడిగి, "నేనే కిందికి వస్తున్నా" అన్నారు. మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు.

ఈరమ్మ కిటికీ బయట నిలబడి ఉంది. కాగితం చూపిస్తే ఆమెకు ఏమీ అనిపించలేదు. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో ఎన్ని కాగితాలు పెట్టి ఉంటాం మేము. అందుకే డాక్టర్ గారిని అడిగి ఆమెను లోపలికి పిలిచాను. యంత్రాలు రాకముందు మేము చేసిన పాత పద్ధతి ఒకటుంది. గాజు ట్యూబును గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, మందు కలిపి, చేత్తో మెల్లగా వంచుతూ వెలుతురుకు ఎదురుగా చూడటం. అలా చేశాను. మొదట ప్లాస్మా నీళ్ళలా అటూ ఇటూ జారింది. ఇంకోసారి వంచాను, జారింది. ఇంకోసారి. సన్నటి పోగు ఒకటి తేలింది. మరుక్షణం మొత్తం బిగుసుకుంది. ట్యూబును పూర్తిగా వంచాను. చుక్క కింద పడలేదు.

"తోడుకుండాదే," అంది ఈరమ్మ మెల్లగా.

"తోడుకుంది."

"ఇది మల్లిగాని నెత్తురేనా?"

"వాడిదే అక్కా."

ఆమె చెయ్యి చాచింది. ఆమెకు గ్లోవ్స్ తొడిగి ట్యూబు చేతికిచ్చాను. తనూ వంచి చూసింది, పైకి, కిందికి. "మా తమ్మునికి ఇంత ఉండింటే సాలు," అంది. కళ్ళు ట్యూబు మీంచి తిప్పలేదు. తర్వాత అడిగింది. "దీన్ని ఇంటికి తీసకపోవచ్చా?"

"ఏం చేసుకుంటావు?"

"ఊర్లో సూపిస్తా."

నియమాలు ఒప్పుకోవని చెప్పాను. ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. డాక్టర్ గారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. బయట మల్లికార్జున అప్పటికే వరండా అంతటికీ వినపడేలా మొదలుపెట్టాడు. నేను ఆపమని చెప్పలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. తర్వాత వచ్చిన ప్రతిసారీ ఈరమ్మ అతని కాళ్ళు చూస్తూనే నడిచేది. స్ట్రెచర్ వస్తే అడ్డం నిలబడేది. ఒకసారి అతను బస్సు దిగేటప్పుడు జారి మోచెయ్యి గీరుకుంది. రక్తం వచ్చింది, అందరికీ ఆగినట్టే ఆగింది. ఆమె మాత్రం రాత్రంతా ఆ మోచేతిని పట్టుకుని కూర్చుందని మల్లికార్జున చెప్పాడు. "నా ఒళ్ళు మారింది మేడం. మా యమ్మకి ఏం థెరపీ చేయిస్తారు?" అని నవ్వాడు. అతనూ తక్కువేం కాదు. పోటీల్లో జనం మీద పడితే ఇంకా మోకాలు వెనక్కి లాక్కునేవాడు. ఆ మోకాలు పాతగానే ఉంది. అంతకుముందు జరిగిన నష్టాన్ని ఈ చికిత్స తిరిగి తేలేదు.

సువర్ణ వాళ్ళ నాన్న చివరికి ఒప్పుకున్నాడు. పెళ్ళికి నన్ను ముందురోజే రమ్మన్నారు. ఆస్పరిలో బస్సు దిగి ఆటోలో వెళ్ళేసరికి మధ్యాహ్నం. నల్లరేగడి చేలు దున్ని వదిలేసి ఉన్నాయి, వేడిగాలి తోలుతోంది. ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. ఈరమ్మ నన్ను వసారాలో చాప మీద కూర్చోబెట్టి విస్తరి వేసింది. ఓళిగలు, గుత్తివంకాయ, చిత్రాన్నం. అందరికన్నా ముందు నాకే.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తాను. పందిరి గుంజకు ఆనించిన నిచ్చెన చివర మల్లికార్జున ఉన్నాడు. పెళ్ళికొడుకు, పసుపు పూసిన ఒళ్ళు, లుంగీ ఎగగట్టి, పూర్తిగా చాపలేని ఆ మోకాలితో పై మెట్టు మీద నిలబడి, రెండు చేతులూ వదిలేసి మామిడాకుల తోరణం కడుతున్నాడు. నిచ్చెన ఊగుతోంది. కింద మగవాళ్ళు ఎటో చూస్తూ మాట్లాడుకుంటున్నారు.

అతని ఫ్యాక్టర్ ఎంతో, ఏపీటీటీ ఎంతో ఆ ఊళ్ళో నాకే తెలుసు. పడి దెబ్బ తగిలినా రక్తం ఆగుతుందని నాకే తెలుసు. అయినా సగం లేచాను. "ఈరమ్మక్కా, వాణ్ణి దిగమను. ఎవరైనా పట్టుకోండి."

ఈరమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని నా ముందు వంగి ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎక్కనీలే మేడమ్మా," అంది. "నువ్వు తిను, సల్లారిపోతాది." ఓళిగ మీద నెయ్యి పోసి, చాలన్నా వినకుండా ఇంకొంచెం పోసింది.

నాలుగేళ్ళ కింద మాకు అంతగా తెలియని చికిత్స గురించి ఇప్పుడు కొత్తగా వచ్చే టెక్నీషియన్లు నన్ను అడుగుతుంటారు, జీన్ థెరపీ పనిచేసిందని మీకు ఎప్పుడు తెలిసింది మేడం అని. యంత్రం కూసిన రోజు అని రిపోర్టులో ఉంది, అదే చెబుతాను. ఉద్యోగంలో నేర్చుకున్నది మాత్రం వేరే. అంకె మారిన రోజు పేషెంటు బాగయ్యాడని మేము రాసేస్తాం. అతనితోపాటు ఆ జబ్బును మోసినవాళ్ళు బాగయ్యేది ఎప్పుడో మా బెంచి మీద కనపడదు. ఆ ఇంట్లో అది ఆ మధ్యాహ్నం జరిగింది, కొడుకు నిచ్చెన మీద ఉండగా ఈరమ్మ వాడి వైపు తిరగకుండా నాకు వడ్డిస్తున్నప్పుడు.